నేలకు సోమవారం సెలవు

మా తమ్ముడికి గోల్ఫు క్లబ్బు సభ్యులు పెట్టిన పేరు చూద్దాంగారు. ఈత కొలనులో నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని ఒకాయన, వెచ్చగా ఉన్నాయని ఇంకొకాయన ఒకే పూట ఫిర్యాదు చేసేవారు. ఇద్దరికీ వాడి దగ్గర ఒకటే జవాబు: "చూద్దాం సార్." నీళ్ళ జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. మర్నాడు ఇద్దరూ వచ్చి ఇవాళ బాగుందయ్యా అనేవారు. ఇద్దరి మాటా నెగ్గినట్టే. పదకొండేళ్ళు ఆ ఒక్క మాటతో అంత పెద్ద క్లబ్బును నడిపాడు. ఆ మాటే చివరికి వాడి మెడకు చుట్టుకుంది.

వాడి సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అదే క్లబ్బులో మగవాళ్ళు బట్టలు మార్చుకునే గది పక్కన తువ్వాళ్ళ గది నాది. నలభై ఒక్క ఏళ్ళుగా నాదే. తమ్ముడు మేనేజరు కాబట్టి అక్కకు పని దొరికిందని కొత్త సభ్యులు అనుకుంటూ ఉంటారు. అనుకోనీ. నేను చేరిన రెండేళ్ళకు వాడిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది నేను. అమ్మా నాన్నా పోయాక నేను ఐదో తరగతితో ఆపేసి వాడిని పదో తరగతి దాకా చదివించాను. అంతకుమించి చదివించే ఓపిక నాకూ లేదు, చదివే ఓపిక వాడికీ లేదు.

వాడి మొదటి పని గుంతలు మార్చడం. ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గోల్ఫు మైదానంలో పద్దెనిమిది చోట్ల జెండాలుంటాయి. ఒక్కో జెండా కింద అరచేయంత గుంత. ఆ గుంత చుట్టూ తివాచీలా కత్తిరించిన పొట్టి గడ్డి. ఆ గడ్డి ముక్కను గ్రీను అంటారు. భోజనాల గదీ, కొలనూ, గోడల మీద పటాలూ ఎన్ని ఉన్నా క్లబ్బు పరువంతా ఆ పద్దెనిమిది ముక్కల్లోనే ఉంటుంది. నిన్నటి గుంత చుట్టూ అందరూ తొక్కి ఉంటారు కాబట్టి రోజూ తెల్లవారగానే గుంతను ఇంకో చోటికి మార్చాలి. గొట్టం లాంటి కత్తి నేలలోకి దించి, గడ్డితో సహా మట్టి ముద్దను పైకి లాగి, దానితో పాత గుంతను పూడ్చాలి. అతుకు కనబడకూడదు. మా తమ్ముడు పొద్దున పూడ్చిన గుంత ఎక్కడుందో మధ్యాహ్నానికి వాడికే తెలిసేది కాదు. అలా పూడ్చి పూడ్చి గడ్డి మేస్త్రీ అయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాక, బయటి నుంచి వచ్చిన చదువుకున్న మేనేజర్లు వరసగా ముగ్గురు చేతులెత్తేశాక, కమిటీకి ఇంకెవరూ దొరక్క వాడిని కుర్చీలో కూర్చోబెట్టారు.

అప్పుడు క్లబ్బు పరిస్థితి ఏమిటంటే, గేటు దగ్గర నిలబడి దారి అడిగినవాడిని కూడా సభ్యుడిగా చేర్చుకునేలా ఉండేది. నేను ఉదయం ఉతికి పెట్టిన తువ్వాళ్ళలో సగం మడత విప్పకుండానే సాయంత్రం అరలోకి తిరిగి వెళ్ళేవి. వాడు దిగిపోయేనాటికి చేరాలంటే నాలుగేళ్ళు వరసలో నిలబడాలి. ఏం మంత్రం వేశావయ్యా అని పక్క ఊళ్ళ క్లబ్బులవాళ్ళు వచ్చి అడిగేవారు. వాడు నవ్వి, "చూసుకుంటున్నాం సార్" అనేవాడు.

మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. సాయంత్రం ఆరింటికి వాడు నా గదికి వచ్చి, బోర్లించిన బుట్ట మీద కూలబడి టీ తాగేవాడు. కళ్ళు మూసుకునే అడిగేవాడు.

"ఏంటక్కా ఇవాళ?"

"పళ్ళ డాక్టరు మోకాళ్ళకి తైలం రాస్తున్నాడు. తువ్వాళ్ళన్నీ జిడ్డు. ఇంకో నెలలో ఆట మానేసి ఈతకి దిగుతాడు, చూస్కో."

"ఇంకా?"

"సిమెంటాయన చెప్పులు లేవు."

అప్పుడు కళ్ళు తెరిచేవాడు. క్లబ్బు మానేయాలనుకున్న సభ్యుడు ముందు ఉత్తరం రాయడు. అలమారులో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత చెప్పులు ముందు ఇంటికి పట్టుకుపోతాడు. ఉత్తరం రెండు నెలల తర్వాత వస్తుంది. ఇది నేను కనిపెట్టింది, నాకు తప్ప ఇంకెవరికీ తట్టలేదు. మర్నాడు వాడు సిమెంటాయనకు ఫోను చేసేవాడు. ఎందుకు రావడం లేదని పొరపాటున కూడా అడిగేవాడు కాదు. "మీతో ఆడాలని ఒకాయన వారం నుంచి నా ప్రాణం తీస్తున్నారు సార్, శనివారం ఏడింటికి రాసుకోనా?" అనేవాడు. ఇంకొకాయనకు కూడా ఫోను చేసి అదే మాట చెప్పేవాడు. శనివారం ఇద్దరూ వచ్చేవారు. పదిహేను రోజులకు చెప్పులు మళ్ళీ అలమారులో ఉండేవి. ఒంటరిగా వచ్చి ఒంటరిగా వెళ్ళేవాడే క్లబ్బు మానేస్తాడక్కా, ఎదురుచూసే మనిషి ఉంటే మానడు అనేవాడు. దీన్ని వ్యాపారం అంటారో, సంబంధాలు కుదర్చడం అంటారో నాకు తెలియదు. క్లబ్బు మాత్రం నిండింది.

వాడు ఎవరికీ వదలనిది ఒకటే ఉండేది, సోమవారం. సోమవారం మైదానం మూత. ఆ రోజు నేలకు సెలవు అనేవాడు. వారమంతా బూట్లు తొక్కి తొక్కి గట్టిపడిన గ్రీన్లకు మేస్త్రీలు సన్నని సూదులతో చిల్లులు పొడిచి, ఇసక జల్లి, నీళ్ళు పెట్టి వదిలేసేవారు. పొద్దున్నే వాడొక్కడే బయలుదేరేవాడు. అందుకోసం ఒక పాత తోలు చెప్పుల జత నా గదిలో అర కింద ఉండేది. ఒక్కో గ్రీను దగ్గర ఆ చెప్పులు విప్పి, ఒట్టి కాళ్ళతో దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. అరికాలికి తెలిసినట్టు కంటికి తెలియదట. పద్దెనిమిదీ పూర్తయ్యేసరికి ఎండ చురుక్కుమనేది. మిగతా ఆరు రోజులూ మనుషులతో వేగిన మనిషి ఆ ఒక్క పూటే మనిషిలా కనిపించేవాడు.

ఇంట్లో కూడా వాడిది అదే చూద్దాం. క్లబ్బు వెనక గోడకు ఆనుకుని ఉన్న మేనేజరు ఇంట్లో వాళ్ళ కాపురం. కిటికీ తీస్తే తొమ్మిదో జెండా కనబడుతుంది. మా మరదలు వాపోయేది.

"కుళాయి కారుతోందంటే చూద్దామంటారు వదినా. ఒంట్లో బాగాలేదంటే చూద్దామంటారు. పెళ్ళిచూపులనాడు పిల్ల నచ్చిందా అని అడిగితే కూడా మా నాన్నతో అదే అన్నారు."

"నచ్చకపోతే కూడా అదే అనేవాడమ్మా. నీ అదృష్టం."

ఇలా లాక్కొస్తుండగా, పోయిన ఏడాది మొదట్లో కమిటీకి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆయనది. మనిషి చెడ్డవాడని అనను. తువ్వాలు వాడాక మడిచి బుట్టలో వేసే సభ్యులు మా క్లబ్బులో ఆరుగురే, వాళ్ళలో ఆయన ఒకడు. కానీ ఏదైనా ఊరికే ఉండడం చూస్తే ఆ మనిషికి ఒళ్ళు మంట. కమిటీ గదిలో బల్లగుడ్డలు సర్దడానికి వెళ్ళినప్పుడు నా చెవులతో విన్నాను.

"నా ఫ్యాక్టరీలో మిషన్లు ఏడు రోజులూ తిరుగుతాయి మేనేజరు గారూ. మీ గడ్డికి వారం వారం సెలవేంటి? గడ్డికేమైనా పెళ్ళాం పిల్లలున్నారా?"

కమిటీ అంతా పగలబడి నవ్వింది. సోమవారాలు బయట కంపెనీలకు అద్దెకిస్తే భోజనాల గది కూడా నిండుతుందని, రెండో కొలను కట్టుకోవచ్చని ఆయన చెప్పాడు. అందరూ మా తమ్ముడి వైపు చూశారు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూద్దాం సార్."

"ఇందులో చూసేదేముందయ్యా? వచ్చే సోమవారం నుంచే."

ఆ సాయంత్రం వాడు బుట్ట మీద కూర్చుంటే నేను టీ ఇవ్వలేదు.

"కుదరదని ఒక్క మాట అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"అంటే నన్ను పంపేసి ఇంకొకణ్ణి తెస్తారక్కా. వాడికి గడ్డి సంగతి తెలియదు."

"నీకు తెలిసి గడ్డికి ఒరిగిందేంటి?"

వాడు లేచాడు. టీ తనే పోసుకున్నాడు.

సోమవారాలు పోయాయి. కంపెనీలవాళ్ళు వందల మంది దిగేవారు. పాపం వాళ్ళకు ఆట రాదు. బంతిని కొట్టబోయి నేలను కొట్టేవారు. ఎత్తుమడమల చెప్పులతో గ్రీన్ల మీద నిలబడి ఫొటోలు తీసుకునేవారు. నా సెలవు కూడా నేలతోపాటే పోయింది. సోమవారం ఒక్క పూటే రెండు వందల తువ్వాళ్ళు. సాయంత్రానికి మోచేతులు నావి కావు. మా తమ్ముడు గ్రీన్ల మీద ఒట్టి కాళ్ళతో నడవడం మానేశాడు. నడిచి ఏం తెలుసుకోవాలి, కంటికే తెలుస్తోంది కదా. ఎండలు ముదిరేసరికి ఏడో గ్రీను పసుపు పచ్చబడింది. తర్వాత పదకొండోది. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. చెప్పుల జత అర కింద దుమ్ము కొట్టుకుని ఉండిపోయింది.

ఆ స్థితిలో వచ్చింది పోటీ. ఏడాదికోసారి చుట్టుపక్కల క్లబ్బులన్నీ కలిసి మూడు రోజులు ఆడతాయి, ఈసారి మా దగ్గర. అధ్యక్షుడు మైదానమంతా తిరిగి చూసి ముఖం మాడ్చుకున్నాడు. సోమవారాల మాట ఎత్తలేదు. మర్నాడు ఒక వ్యానులో పీపాలు దింపించాడు. పీపాల్లో ఆకుపచ్చ రంగు. గడ్డికి వేసే రంగు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

నీళ్ళ మేస్త్రీ నా గది దగ్గరకు వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. మైదానంలో నీటి గొట్టాలన్నీ చూసుకునేది ఆయనే. పందొమ్మిదేళ్ళుగా మా తమ్ముడిని అన్నా అనీ, నన్ను పెద్దక్కా అనీ పిలుస్తాడు.

"పెద్దక్కా, ఆ రంగు గట్టిపడాలంటే రెండు రోజులు నీళ్ళు తగలకూడదంట. ఈ ఎండలో రెండు రోజులు నీళ్ళు లేకపోతే గడ్డి మాడి మసైపోద్ది."

"మీ అన్నతో చెప్పు."

"చెప్పాను. చూద్దాం అన్నాడు."

గురువారం పొద్దున రంగు వేశారు. నిజం చెప్పాలి, దూరం నుంచి చూస్తే పెళ్ళికూతురిలా ఉంది మైదానం. అధ్యక్షుడు మేడ మీద నిలబడి, "చూశారా, ఇంతోటిదానికి మీ మేస్త్రీలు ఎంత రాద్ధాంతం చేశారో" అన్నాడు మా తమ్ముడితో. శుక్రవారం పోటీ మొదలైంది. పదకొండింటికల్లా వేడిగాలి కొట్టింది. అసలే బలం లేని గడ్డి, పైన రంగు పూత, కింద తడి లేదు. మా తమ్ముడు ఏడో గ్రీను దగ్గరకు పోయి, ఇంతమంది అతిథుల ముందు, బూట్లు విప్పి ఒక్క నిమిషం నిలబడ్డాడట. తర్వాత నీళ్ళ మేస్త్రీని పిలిచాడు.

"నీళ్ళు పెట్టు."

"అన్నా, రంగు..."

"రంగు పోతే పోనీ. పల్చగా పెట్టు. అన్నిటికీ పెట్టు."

పన్నెండింటికి నా గది దగ్గర మొదలైంది తమాషా. తెల్ల బూట్లన్నీ పచ్చ బూట్లయ్యాయి. బంతి ఏ దారిన దొర్లుతుందో చూడడానికి మోకాళ్ళ మీద కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు పచ్చ, బంతి తుడిచిన చేతులు పచ్చ. పక్క క్లబ్బు పెద్దమనిషి ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాడు కాబోలు, నుదుటి మీద ఇంత పచ్చ పట్టీతో అద్దం ముందు నిలబడి అవాక్కయ్యాడు. నా తెల్ల తువ్వాళ్ళు నూట యాభై, ఒక్కటి మిగల్లేదు. పళ్ళ డాక్టరు ఒకటి ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు.

"ఏమ్మా, మీ క్లబ్బులో గడ్డి కూడా రంగేసుకుంటుందే!"

"మీరు తలకి వేసుకోవడం లేదా డాక్టరు గారూ? ఆ నలుపు నా తువ్వాళ్ళకి తెలియదా?"

అక్కడున్నవాళ్ళు నవ్వి నవ్వి బెంచీల మీద పడ్డారు. నేను నవ్వలేదు. తలుపు దగ్గర అధ్యక్షుడు నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పోటీ ఆ పూటే ఆపేశారు. పై వారం ఆదివారానికి సభ్యులందరి సమావేశం పెట్టారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

మంగళవారం నేను అరల వెనక తువ్వాళ్ళు నానబెడుతుంటే గదిలోకి ఇద్దరు వచ్చిన అలికిడి అయింది. ఒకటి అధ్యక్షుడి గొంతు. అంత మెత్తగా మాట్లాడడం ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు.

"రంగు వేశాక నీళ్ళు పెట్టొద్దని మీరు చెప్పారు. మేస్త్రీ మాట వినకుండా నీళ్ళు వదిలాడు. ఇంతే, ఆదివారం రెండు ముక్కలు చెప్పండి. అతన్ని పంపించేద్దాం. మీ ఉద్యోగం ఇంకో మూడేళ్ళు పొడిగిస్తాం, ఇల్లు కూడా మీ దగ్గరే ఉంటుంది. లేదంటే, అర్థమైందిగా, సభ్యులు ఊరుకోరు. పదవి నాకూ పోద్ది, మీకూ పోద్ది."

నేను తువ్వాలు పిండడం ఆపాను.

"చూద్దాం సార్" అన్నాడు మా తమ్ముడు.

సోమవారాలప్పుడూ ఇదే అన్నాడు.

గురువారం దాకా వాడు టీకి రాలేదు. యాభై ఆరేళ్ళు వాడికి. ఇంకో క్లబ్బులో చేర్చుకునే వయసు కాదు. ఇల్లు క్లబ్బుది. మా మరదలు నా దగ్గరికి వచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మీరైనా చెప్పండి వదినా. మేస్త్రీకి ఇంకెక్కడైనా పని చూపిద్దాం. నీళ్ళ పని తెలిసినవాడికి పని దొరక్కపోదు. మేం ఈ వయసులో ఎక్కడికి పోతాం?"

ఇప్పుడు నేను గొప్పలు పోవచ్చు. అబద్ధం ఆడొద్దురా అని తమ్ముడికి గట్టిగా చెప్పానని రాసుకుంటే కాదనేవాళ్ళు ఎవరున్నారు? కానీ నేను చెప్పలేదు. మరదలు చెప్పిందే నేనూ చెప్పాను. వాడిని ఆ కొలువులోకి తెచ్చింది నేను, వాడు వీధిన పడడం నేను చూడలేను అనిపించింది. శుక్రవారం సాయంత్రం వాడు వచ్చి బుట్ట మీద కూర్చున్నప్పుడు టీ చేతికిచ్చి అన్నాను.

"రెండు ముక్కలేరా. చెప్పేసి బయటపడు."

"ఏం చెప్పాలక్కా?"

"నీకు తెలీదా?"

"అలసిపోయానక్కా" అన్నాడు. అంతే అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. మేనేజరు అయ్యాక కూడా తన గ్లాసు తనే కడిగేవాడు. నీళ్ళ మేస్త్రీ అప్పుడే గుమ్మం ముందు నుంచి పోతూ లోపలికి చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మా తమ్ముడు ఆ వెళ్ళినవాడి వైపు కాసేపు చూశాడు. తర్వాత వంగి, అర కింద చెయ్యి పెట్టి, దుమ్ము కొట్టుకున్న తోలు చెప్పుల జత బయటికి లాగాడు. నా తడిగుడ్డ ఒకటి తీసుకుని తుడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"చెప్పులెందుకురా ఇప్పుడు?"

"తెగాయి. కుట్టించాలి."

తెగలేదు. నలభై ఒక్క ఏళ్ళుగా చెప్పులు చూస్తున్నాను, తెగినవేవో తెగనివేవో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆదివారం ఏం జరగబోతోందో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. వద్దురా అనబోయాను. పోనీ వెళ్ళనీ అని కూడా ఎక్కడో అనిపించింది.

సమావేశం భోజనాల గదిలో. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నేను వంటగది తలుపు దగ్గర, చేతిలో చేతిగుడ్డల దొంతర పెట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ మేస్త్రీ నా వెనక ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

అధ్యక్షుడు లేచి, జరిగినదానికి విచారం అన్నాడు, విచారణ జరిపామన్నాడు. "పొరపాటు ఎక్కడ జరిగిందో మేనేజరు గారు చెబుతారు" అని కూర్చున్నాడు.

మా తమ్ముడు లేచాడు. చేతులు కట్టుకోలేదు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నీళ్ళు పెట్టమన్నది నేను."



"మీరా?" అన్నాడు అధ్యక్షుడు. "రంగు వేశాక నీళ్ళు పెట్టకూడదని తెలియదా మీకు?"

"తెలుసు సార్."

"తెలిసి ఎందుకు పెట్టారు మరి?"

"పెట్టకపోతే గడ్డి చచ్చిపోయేది. చస్తే మళ్ళీ రావడానికి రెండేళ్ళు. రంగు మూడు రోజుల ముచ్చట."

పళ్ళ డాక్టరు వెనక నుంచి అడిగాడు. "అసలు రంగు వెయ్యాల్సిన ఖర్మ ఎందుకొచ్చింది చూద్దాంగారూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మా తమ్ముడు కూడా నవ్వినట్టే పెదవి కదిపాడు.

"సోమవారాలు అమ్మినందుకు. నేలకు వారానికో రోజు ఊపిరి ఆడాలి. ఆ రోజు నన్ను అడిగినప్పుడు నేను చూద్దాం అన్నాను. కుదరదు అనాల్సింది. అది అనలేదు. తప్పేదైనా ఉంటే అది. మేస్త్రీ నేను చెప్పిన పని చేశాడు."

కూర్చున్నాడు. నా వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. నేను తిరిగి చూడలేదు. చూస్తే నేనూ చీదేదాన్ని, ఆ చేతిగుడ్డలు మళ్ళీ ఉతుక్కోవాల్సింది నేనే.

తర్వాత గంటన్నర అరుచుకున్నారు. చివరికి చేతులెత్తించారు. సోమవారాలు మళ్ళీ మూసేయాలని ఎక్కువ చేతులు లేచాయి. అతిథుల ముందు క్లబ్బు తల దించుకునేలా చేసిన మేనేజరును పంపేయాలని కూడా ఎక్కువ చేతులు లేచాయి. రెండుసార్లూ లేచినవి ఇంచుమించు అవే చేతులు. పళ్ళ డాక్టరు చెయ్యి కూడా రెండుసార్లూ లేచింది, నేను చూశాను. ఇద్దరి మాటా నెగ్గడమంటే ఇదే కాబోలు. అధ్యక్షుడు కుర్చీలోనే ఉన్నాడు, నీళ్ళ మేస్త్రీ పనిలోనే ఉన్నాడు. మా తమ్ముడికి ఇల్లు ఖాళీ చెయ్యడానికి నెల గడువిచ్చారు. చప్పట్లు కూడా కొట్టారు పాపం.

నేనూ మానేస్తానని మర్నాడే గొడవ పెట్టుకున్నాను. వాడు ఒప్పుకోలేదు.

"నువ్వెందుకు మానతావక్కా? సభ్యులెవరు చెప్పులు పట్టుకుపోతున్నారో చూసేదెవరు?"

"నువ్వు లేనప్పుడు ఎవడు పట్టుకుపోతే నాకేం?"

"కొత్తవాడికి చెప్పు. వింటాడో లేదో..." చూద్దాం అనబోయి ఆగాడు. "వినకపోతే వాడి ఖర్మ."

ఇప్పుడు వాళ్ళు ఉండేది ఊళ్ళో, ఒక మేడ మీద మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. మరదలు మూడు వారాలు వాడితో మాట్లాడలేదు. నాలుగో వారం కుళాయి కారితే వాడే స్పానరు పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మాట్లాడింది, అదీ తిట్టడానికే. ఒక విత్తనాల కొట్టువాళ్ళు వారానికి మూడు రోజులు వచ్చి కూర్చోమన్నారు. వెళ్తున్నాడు.

సోమవారం నాకు మళ్ళీ సెలవు. పొద్దున్నే మెట్లు ఎక్కి ఆయాసపడుతూ వాళ్ళింటికి పోతాను. మొన్న సోమవారం నేను వెళ్ళేసరికి వాడు కుర్చీలో కూర్చుని కునుకుతున్నాడు. తొమ్మిదయింది. ముప్ఫై తొమ్మిదేళ్ళలో వాడు సూర్యుడి తర్వాత లేవడం నేను చూడలేదు. మరదలు సైగ చేసింది, లేపొద్దని. ఇంతలో తలుపు దగ్గర అలికిడి. నీళ్ళ మేస్త్రీ. బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు, ప్యాంటు మడతల నిండా తడి, కాలి వేళ్ళ మధ్య గడ్డి పరకలు. పద్దెనిమిది గ్రీన్లూ నడిచి, అట్నుంచి అటే వచ్చాడు.

"అన్నా, ఏడోది ఇంకా గట్టిగానే ఉంది. మిగతావి పర్లేదు."

మా తమ్ముడు కళ్ళు తెరవలేదు.

"చిల్లులు పొడిపించి ఇసక వెయ్యి. పది రోజులు ఎవర్నీ తొక్కనీకు."

"అధ్యక్షుడు గారు ఒప్పుకోరేమో అన్నా. శనివారం వాళ్ళ బంధువులు వస్తున్నారంట."

"కుదరదని చెప్పు."

మేస్త్రీ నా వైపు చూశాడు. చెప్పగలడో లేడో నాకూ తెలియదు. టీ తాగి వెళ్ళిపోయాడు. మా తమ్ముడు మళ్ళీ నిద్రలోకి జారాడు, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు నా పక్కలో పడుకున్నట్టే. ఎండ ముఖం మీద పడుతోందని లేచి కిటికీ తెర లాగాను. గుమ్మం పక్కన ఆ తోలు చెప్పులు ఉన్నాయి. వంగి చూశాను. వాటికి ఒక్క కుట్టు కూడా పడలేదు.